ముక్కు మేస్త్రి

మా బావకు దేవుడు కళ్ళూ చెవులూ అందరికీ ఇచ్చినట్టే ఇచ్చి, ముక్కు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి జారి కాస్త ఎక్కువ పోశాడని మా అక్క అంటుంది. చూడ్డానికి కూడా పెద్దదే అనుకోండి, కానీ ఆవిడ అనేది దాని పనితనం గురించి. స్టార్ట్ చేసి ఉన్న బండి వెనక్కి వెళ్ళి, సైలెన్సర్ దగ్గర నడుం వంచి, ఒక్కసారి గాలి పీల్చి, "నీళ్ళు లోపలికి దిగుతున్నాయి, హెడ్డు విప్పాలి" అంటాడు. విప్పితే అదే ఉంటుంది. "ఒక ప్లగ్గు కాలట్లేదు" అంటాడు. తీసి చూస్తే అది తడిసి ముద్దయి ఉంటుంది. వీధిలో అందరూ ముక్కు మేస్త్రి అంటారు. షెడ్డు బోర్డు మీద వేరే పేరు రాసి ఉంది గానీ దాన్ని చదువుకుని వచ్చినవాణ్ణి ఇంతవరకు నేను చూడలేదు.

అక్క పెళ్ళయ్యాక నేనూ ఆ షెడ్డులోనే చేరాను. ఇంజన్ పని బావది. వైర్లు, సెన్సార్లు, కంప్యూటర్ డబ్బాలు నావి. కింద షెడ్డు, పైన వాళ్ళ ఇల్లు, మధ్యలో ఇనప మెట్లు. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు మా ఇద్దరికీ వాదనే. "నీకు కోపం ముక్కు మీదే కూర్చుంటుందిరా, అందుకే వాసనకు చోటు లేదు" అంటాడు బావ. నాకు కోపం ఉన్నమాట నిజమే. పనిలో తేడా వస్తే నాకు ఒళ్ళు మండుతుంది, అవతల ఎవరున్నారో చూడను.

మా షెడ్డుకు ఒక ఆనవాయితీ ఉంది. పని అయిపోయిన బండి ఏదైనా సరే, చివర్లో బావ వెనక్కి వెళ్ళి వాసన చూడాలి. చూసి, బండి టాపు మీద అరచేత్తో ఒకటి కొట్టి, "పద" అనాలి. ఆ మాట పడేవరకు బండి గుమ్మం దాటదు. అన్నీ అయిపోయి తాళం చేతికొచ్చినా, బండివాళ్ళు స్టీరింగ్ ముందు కూర్చుని ఆ మాట కోసం ఎదురుచూస్తారు. పొగను కొలిచే మిషన్ ఒకటి నా పోరు పడలేక తెప్పించాడు. దాని మీద పాత దుప్పటి కప్పి మూల పెట్టాడు. "మీ కొత్త కోడలు ఇంకా ముసుగు తియ్యలేదా?" అని అడుగుతుంటాడు నన్ను.

ఇక పళ్ళ డాక్టరమ్మ బండి సంగతి. మా వీధి చివర ఆవిడ ఆసుపత్రి. బండి రెండు తలుపులది, నేలకు అంటుకున్నట్టు ఉంటుంది, ముదురు ఆకుపచ్చ రంగు. ఆవిడ కాలేజీలో చేరిన కాలం నాటిది. టర్బో బండి. అంటే బయటికి పోయే పొగ తోపుతో గిర్రున తిరుగుతూ, ఇంజన్‌లోకి గాలిని కుక్కి పంపే చక్రం ఒకటి దానికి ఉంటుంది. ఆ చక్రం అందుకుందంటే వెనక ఎవరో నెట్టినట్టు బండి ముందుకు దూకుతుంది. రోజంతా జనం నోళ్ళలోకి చూసి చూసి, సాయంత్రం ఆ దూకుడు కోసం ఊరి బయటికి వెళ్ళొస్తానని ఆవిడే చెప్పింది. పెళ్ళి చేసుకోమంటే ఈ బండి చాలదా అందట వాళ్ళ అమ్మతో.

ఆ బండి మూడోసారి వెనక్కి వచ్చింది. జబ్బు అదే. సైలెన్సర్ మూతి బొగ్గులా నల్లగా ఉంది. ఆగి ఉన్నప్పుడు ఊగుతోంది, తొక్కితే ముక్కుతోంది, టర్బో అందుకునే చోట దగ్గి దూకడం మానేస్తోంది. పెట్రోల్ మాత్రం గటగటా తాగుతోంది. ఇంజన్‌కు గాలీ పెట్రోలూ సరైన పాళ్ళలో అందాలి. పెట్రోల్ ఎక్కువైతే మనిషికి అజీర్తి చేసినట్టే, తిన్నది ఒంటబట్టదు, నల్లగా బయటికి కక్కుతుంది. అంతటితో పోతే బాధ లేదు. కాలని పెట్రోల్ కిందికి కారి ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ పల్చబడుతుంది. ఆ టర్బో చక్రం తిరిగేది ఆ ఆయిల్ మీదే. ఆయిల్ మట్టం కొలిచే పుల్ల తీసి చూస్తే ఆయిల్ నీళ్ళలా జారుతోంది, పెట్రోల్ కంపు కొడుతోంది. ఇలాగే ఇంకొన్నాళ్ళు నడిపితే చక్రం పోతుంది. అంత పాత బండికి అది మళ్ళీ దొరకదు.

"మేస్త్రిగారూ, నా దగ్గరికి ఎవరైనా ఒకే పన్నుకు మూడుసార్లు వస్తే నేను మొహం ఎత్తుకోలేను" అంది డాక్టరమ్మ. నవ్వుతూనే అంది గానీ సూది దిగింది.

"ఈసారి మొదట్నుంచీ చూస్తాం డాక్టరమ్మా" అన్నాడు బావ.

ఆవిడ వెళ్ళగానే నేను అందుకున్నాను. "ఆవిడ గేరు మార్చడం చూశావా? పన్ను పీకినట్టే పీకుతుంది. బండి ఏడవక ఏం చేస్తుంది?"

"నోరు ముయ్యరా. ఆవిడ తోలడం బాగానే ఉంది. ఈ కాలం పార్టుల్లోనే సరుకు లేదు."

మొదటిసారి వచ్చినప్పుడు ప్లగ్గులు మార్చాం, పెట్రోల్ చిమ్మే ముక్కులు విప్పి కడిగాం. రెండోసారి పెట్రోల్ ఒత్తిడిని అదుపులో పెట్టే బిళ్ళ లోపల చిరిగిందేమోనని దాన్నీ మార్చాం. ఇంజన్ వేడి చెప్పే సెన్సార్ తప్పు చెబుతోందేమోనని నేనే మీటరు పెట్టి చూశాను. ఇంజన్ చల్లగా ఉందని అది అబద్ధం చెబితే కంప్యూటర్ జాలిపడి పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. అది నిజమే చెబుతోంది. టర్బో నుంచి ఇంజన్‌కు వెళ్ళే లావు గొట్టాలకు ఎక్కడైనా చిల్లి ఉంటే, కొలిచిన గాలి దారిలో పోయి పెట్రోల్ మిగిలిపోతుంది. ఈసారి సబ్బు నురగ పూసి, గాలి ఎక్కించి, ప్రతి అతుకూ చూశాం. ఒక్క బుడగ రాలేదు. అన్నీ బాగున్నాయి, బండి మాత్రం బాగాలేదు. నాకు పిచ్చెక్కింది.

మధ్యాహ్నం బావ గాస్కెట్ల కోసం బయటికి వెళ్ళాడు. నేను కొత్త కోడలి ముసుగు తీశాను.

మిషన్ గొట్టం సైలెన్సర్‌లో పెట్టి స్టార్ట్ చేశాను. పొగలో విషవాయువు ఎంతో చెప్పే అంకె, ఒకటి దగ్గర ఉండాల్సింది, ఏడు దాటి కూర్చుంది. పెట్రోల్ ఎక్కువైందని తెలుసు గానీ మరీ ఇంత అనుకోలేదు. ఇక మిగిలింది ఒక్కటే. లోపలికి వెళ్ళే గాలిని కొలిచే పెట్టె. అందులో ఒక రెక్క, దానికి స్ప్రింగు, ఆ స్ప్రింగు బిగువు మార్చడానికి చిన్న పళ్ళ చక్రం ఉంటాయి. బిగువు తగ్గిస్తే రెక్క ఎక్కువ తెరుచుకుంటుంది, గాలి బోలెడు వస్తోందని నమ్మి కంప్యూటర్ పెట్రోల్ కుమ్మరిస్తుంది. తయారీలో బిగించి, మూత అంటించి వదిలేసే చక్రం అది. అంత పాత బండికి పొగగొట్టంలో తప్పు దిద్దే సెన్సార్ కూడా లేదు. ఆ చక్రం ఎంత చెబితే అంత.

మూత చూశాను. అంచు పొడుగునా కత్తి గీతలు. ఒకదాని మీద ఒకటి, పాతవీ కొత్తవీ. లోపల చక్రం అసలు గుర్తు నుంచి చాలా పళ్ళు జరిగి ఉంది. ఎవడో చచ్చు మేస్త్రి వేలు పెట్టాడని గట్టిగానే తిట్టుకున్నాను. డాక్టరమ్మ బండిని మా షెడ్డులో తప్ప ఎక్కడా విప్పరన్న సంగతి ఆ కోపంలో తట్టలేదు. చక్రాన్ని గుర్తు దగ్గరికి తెచ్చాను. అంకె జారుతూ జారుతూ ఒకటి దగ్గర ఆగింది. ఇంజన్ ఊగడం మానేసి కుదురుగా కూర్చుంది. సైలెన్సర్ దగ్గర మొహం పెడితే వేడి గాలి తప్ప ఏమీ లేదు. నాకు పండగలా అనిపించింది. బావను ఎలా ఏడిపించాలా అని మాటలు వెతుక్కుంటూ మిషన్ మళ్ళీ మూలకు తోశాను.

బావ వచ్చాడు.

"చూడు ఎలా ఉందో" అన్నాను, ఇంకేం చెప్పకుండా.

వెనక్కి వెళ్ళి వంగాడు. పీల్చాడు. ఇంకా వంగి మళ్ళీ పీల్చాడు. తల అడ్డంగా ఊపాడు.

"పస లేదురా. పాలలో నీళ్ళు పోసినట్టుంది. గాలి ఎక్కువైంది. ఇలా వదిలితే టర్బో అందుకున్నప్పుడు పిస్టన్లు కాలిపోతాయి."

జేబులోంచి చిన్న కత్తి తీశాడు. గాలి పెట్టె మూత ఒక్క తిప్పులో లేపాడు. రోజూ చేసే పనికి చెయ్యి ఎంత అలవాటుగా వెళ్తుందో అలా వెళ్ళింది. చక్రం జరిపాడు. వెనక్కి వెళ్ళి పీల్చాడు. వచ్చి ఇంకా జరిపాడు. మళ్ళీ వెళ్ళాడు. ఇంజన్ ఊగడం మొదలుపెట్టింది. సైలెన్సర్ నల్లగా ఊదుతోంది. పది అడుగుల దూరంలో ఉన్న నాకు కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి, గొంతులో కారం పట్టింది. ఆ పొగలో బావ మొహం పెట్టి, కళ్ళు మూసుకుని, బావిలో పడిన చెంబు కోసం వెతికినట్టు వెతుకుతున్నాడు. ఇంకో పన్ను జరిపి వచ్చాక అతని మొహం కొంచెం విచ్చుకుంది.

"ఇదిగో. ఇప్పుడొచ్చింది" అన్నాడు.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. డాక్టరమ్మ బండి మూడుసార్లు ఎందుకు తిరిగి వచ్చిందో తెలిసింది. అది జబ్బుతో రాలేదు. ప్రతిసారీ మేమే జబ్బు అంటించి పంపాం. వాసన తనకు తగిలేదాకా బావ చక్రం తిప్పుతున్నాడు. తనకు తగలాలంటే ఇంత కావాలి.

ఇదొక్కటేనా? బోర్డు చూడకుండా ముక్కును నమ్మి వచ్చిన బండ్లన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి. కూరగాయల ఆటో. పేపర్లు వేసే ముసలాయన బండి. స్కూలు పిల్లల్ని తిప్పే వ్యాను, పోయిన నెల్లోనే సర్వీసు చేసి "పద" అన్నాడు.

వెళ్ళి ఇంజన్ ఆపేశాను. నా మొహంలో ఏం కనిపించిందో, బావకు రోషం వచ్చింది.

"ఏంటలా చూస్తావ్? నమ్మకం లేకపోతే పెట్రోల్ ప్రెషర్ కూడా చూద్దాం పద" అని తనే గేజీ తెచ్చి పైపుకు పెట్టాడు. పంపు నడిపి చూస్తే ప్రెషర్ సరిగ్గా ఉంది. "చూశావా?" అని గేజీ పీకేశాడు. పైపులో మిగిలిన పెట్రోల్ చిమ్మి అతని మీద పడింది. ఎడమ భుజం మీది గుడ్డ తీసి ఇంజన్ మీద తుడిచి, మళ్ళీ భుజాన వేసుకున్నాడు. పైపు దాని చోట తొడిగాడు. ఇదంతా నేను సగమే చూశాను. నా బుర్ర స్కూలు వ్యాను దగ్గరే ఉంది.

"ఎక్కి స్టార్ట్ చెయ్యి. డాక్టరమ్మ వచ్చే వేళయింది."

ఎక్కి కూర్చున్నాను. తాళం పట్టుకున్నాను. బావ బానెట్ కింద తల పెట్టి ఉన్నాడు, నడుం నుంచి కిందికే కనిపిస్తున్నాడు. అద్దం దించి ఉంది. ఒక్కసారిగా పచ్చి పెట్రోల్ కంపు లోపలికి కొట్టింది. పొగ వాసన వేరు, ఇది వేరు. డబ్బా ఒలికినప్పుడు వచ్చే కంపు.

"బావా, ఆ పైపు క్లిప్పు బిగించావా?"

"బిగించా. తిప్పు."

తిప్పలేదు. కంపు ఇంకా ఎక్కువైంది. షెడ్డు అవతల అద్దె సైకిళ్ళవాడు తల బయటపెట్టి మా వైపు చూడటం కనిపించింది.

"తిప్పరా! చెవుడా?"

"బావా, వాసన రావట్లేదా?"

"ఏం వాసన?"

తాళం పీకి జేబులో వేసుకుని దిగాను. క్లిప్పు వదులుగా వేలాడుతోంది. పైపు అంచు నుంచి పెట్రోల్ బొట్లు బొట్లుగా కారి, ఇంజన్ పక్కగా మడుగు కట్టింది. దానికి జానెడు దిగువన టర్బో. ఇంతసేపూ నడిచిన టర్బో, మీద చెయ్యి పెడితే తోలు ఊడివచ్చేంత వేడిగా ఉంది. నేను తాళం తిప్పి ఉంటే పంపు తన్ని, పైపు ఊడి, పెట్రోల్ అంతా దాని మీద చిమ్మేది. బావ మొహం ఆ మడుగుకు మూరెడు దూరంలో ఉంది.

క్లిప్పు బిగించాను. ఒలికింది తుడిచి, షట్టర్లు రెండూ పైదాకా ఎత్తాను. బావ అలాగే నిలబడి మడుగు ఉన్న చోటు చూస్తున్నాడు. తర్వాత బానెట్ అంచు పట్టుకుని నెమ్మదిగా నేల మీద కూర్చున్నాడు. నేనూ పక్కన కూలబడ్డాను.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

చేతులకంటిన మసి రుద్దుకుంటూ చెప్పాడు. "పోయిన చలికాలం జలుబు చేసింది చూడు. అందరికీ చేసింది. జలుబు పోయింది. ఇది తిరిగి రాలేదు."

"ఏడాది పైనైంది బావా!"

"రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అనుకున్నా. అప్పుడప్పుడూ వచ్చినట్టే ఉంటుంది. ఘాటుగా ఉంటే లోపల ఎక్కడో గీరినట్టు తెలుస్తుంది. అదే వాసన అనుకుని..." ఆగాడు. "డాక్టరు దగ్గరికి వెళ్ళా. వస్తే రావచ్చు, రాకపోతే లేదు అన్నాడు. ఆ ముక్క నాకూ తెలుసు."

"నాతో అనొచ్చు కదా. మిషన్ ఉంది కదా."

"మిషన్ నీదిరా. మరి నేనెందుకు ఈ షెడ్డులో?"

నేను మూలనున్న మిషన్ వైపు చూశాను.

"అది కూడా కాదురా" అన్నాడు, గొంతు తగ్గించి. "పని పోతే పోయింది. రాత్రి దీపం ఆర్పాక పక్కన మీ అక్క ఉన్నట్టే ఉండదు. ముప్పై ఏళ్ళుగా ఆ వాసనకే నిద్ర పట్టేది. ఇప్పుడు చెయ్యి పెట్టి చూసుకుంటా, ఉందా లేదా అని. ఖాళీ ఇంట్లో పడుకున్నట్టుంది."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. బావమరిది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు అంటారు. బావ బతుకే ఆ ముక్కు అయినప్పుడు నేనేం కోరాలి? నాకు తోచింది అన్నాను.

"సరే బావా. ఎవరికీ చెప్పొద్దు. నువ్వు ఎప్పటిలాగే వాసన చూడు, టాపు మీద కొట్టు, పద అను. ముందే నేను మిషన్ పెట్టి సరిచేసి ఉంచుతా. నువ్వు చక్రం జోలికి, స్క్రూ జోలికి వెళ్ళకు. ఇదివరకు పోయిన బండ్లు ఎలాగూ సర్వీసుకు వస్తాయి. వచ్చినవి వచ్చినట్టు దిద్దేస్తా. నీ పేరు నీకుంటుంది."

నా వైపు చూశాడు. అంత ఆశగా ఎవరైనా నా వైపు చూడటం నాకు గుర్తులేదు.

"ఎవరికీ తెలియదు కదా?"

"తెలియదు."

"మీ అక్కకు?"

"చెప్పను."

"అలాగే చేద్దాంరా" అన్నాడు. నా భుజం పట్టుకుని లేచాడు. అతనిలో ఏదో బరువు దిగినట్టుంది, నడక కూడా మారింది. డాక్టరమ్మకు ఫోన్ చేసి, చిన్న పార్టు రావాలి, రేపు ఇస్తాం అని అబద్ధం చెప్పాను. బావ మొహం కడుక్కోకుండానే, "టీ తాగి వస్తా, నువ్వూ రా" అంటూ ఇనప మెట్లెక్కాడు.

నేను సామాన్లు సర్దుతున్నాను. గేజీ చేతిలోకి తీసుకున్నప్పుడు, అది పీకినప్పుడు పెట్రోల్ ఎక్కడ పడిందో గుర్తొచ్చింది. షెడ్డంతా అదే కంపు కావడంతో, అతని చొక్కా ముందు భాగమంతా తడిగా ఉంటే ఇందాక నేను చెమట అనుకున్నాను. ఆ భుజం మీద గుడ్డ. పెట్రోల్ తుడిచి పిండకుండా వేసుకున్న గుడ్డ. పైన అక్క టీ కాస్తూ ఉంటుంది.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. "బావా, ఆగు! అక్కా, స్టవ్ ఆర్పు!" అని అరుస్తూ ఎక్కాను. వంటగది గుమ్మంలో బావ ఉన్నాడు. స్టవ్ దగ్గర అక్క. గిన్నె కింద మంట నీలంగా ఉంది. బావ రోజూలాగే ఆవిడ వెనగ్గా వెళ్ళి, ఆవిడ భుజం మీదుగా గిన్నెలోకి వంగబోతున్నాడు. అక్క ఆ కంపుకు ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. నేను అతని చొక్కా కాలర్ పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం గోడకు కొట్టుకున్నాం. అక్క చెయ్యి దానంతటదే వెళ్ళి స్టవ్ ఆర్పేసింది.

"ఏంట్రా ఇది? పెట్రోల్‌లో స్నానం చేసి వచ్చారా ఇద్దరూ?" అంది. నవ్వబోయింది. నా మొహం, బావ మొహం చూసి మానేసింది.

బావ భుజం మీది గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గట్టిగా పీల్చాడు. గుడ్డ నుంచి అతని వేళ్ళ మీదికి తడి కారుతోంది. మళ్ళీ పీల్చాడు. తర్వాత ఆర్పిన స్టవ్ వైపు, దాని ముందు నిలబడి ఉన్న అక్క వైపు చూశాడు. ఆవిడ చీర కొంగు నుంచి ఆ మంట ఎంత దూరంలో ఉండిందో చూశాడు.

"నాకు వాసన రావట్లేదే" అన్నాడు.

"పెట్రోలా?"

"ఏదీ రావట్లేదు. ఏడాదిగా."

అక్కకు కోపం వచ్చింది. ఆవిడకూ నాకూ ఒకటే రక్తం. "మరి పొద్దున టీ అదిరిపోయిందన్నారే! నిన్నా అన్నారు. రోజూ అంటారు."

"వేడిగా ఉంటుంది కదా. అది తెలుస్తుంది."

ఆవిడ దగ్గరికి వచ్చి, చిన్నపిల్లాడికి విప్పినట్టు అతని చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే విప్పింది. చొక్కానూ గుడ్డనూ నా చేతికి ఇచ్చి, వరండాలో పారెయ్యమంది. నేను వచ్చేసరికి బావ బనియనుతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అక్క తడిగుడ్డతో అతని ఛాతీ, చేతులు తుడుస్తోంది. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడం లేదు, అతన్ని తుడవడమే ఆవిడకు ముఖ్యం.

"ఒరేయ్" అన్నాడు బావ నన్ను చూసి. "ఆ స్కూలు వ్యాను నేనే ట్యూన్ చేశా."

"తెలుసు బావా. వచ్చే నెల సర్వీసుకు వస్తుంది. చూసుకుంటా అన్నాను కదా."

"వచ్చే నెల దాకా పిల్లలు అందులోనే కదరా కూర్చునేది? గుమ్మం దగ్గర ఆపి, స్టార్ట్‌లోనే ఉంచి ఎక్కించుకుంటాడు. ఆ పొగంతా లోపలికి పోతుంది."

"రేపు నేనే వాళ్ళింటికి వెళ్ళి, ఏదో ఒకటి చెప్పి..."

"ఏదో ఒకటి చెప్పొద్దు. నాకు ఫోనివ్వు."

అక్క చెయ్యి ఆగింది. నేను ఫోన్ ఇవ్వలేదు. ఇస్తే అయిపోతుందని నాకు తెలుసు. వ్యానువాడు నోరు కట్టుకునే రకం కాదు. పొద్దుటికల్లా వీధికంతా తెలుస్తుంది. ఎల్లుండికి ఊరికి తెలుస్తుంది. ముక్కు మేస్త్రికి ముక్కు లేదని చెప్పుకుని నవ్వుతారు.

"బావా, ఒక్కసారి ఆలోచించు. మనం అనుకున్నాం కదా."

"అనుకున్నాం. అనుకుని పైకొచ్చి, మీ అక్కను తగలబెట్టబోయా." చెయ్యి చాపాడు. "ఇటివ్వు."

ఇచ్చాను.

వ్యానువాడి ఇంట్లో టీవీ గోల వినిపిస్తోంది. అతను "ఆఁ మేస్త్రీ, చెప్పు" అన్నాడు హుషారుగా. బావ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"రేపు పొద్దున పిల్లల్ని ఎక్కించకు. ముందు బండి నా దగ్గరికి తీసుకురా. నేను తప్పు ట్యూన్ చేశా. పెట్రోల్ ఎక్కువ పోతోంది, పొగ మంచిది కాదు."

"నువ్వా? నువ్వు తప్పు చెయ్యడమేంటి మేస్త్రీ, ఊరుకో. వాసన చూసే కదా పద అన్నావు?"

బావ పెదవులు తడుపుకున్నాడు. అక్క అతని భుజం మీద చెయ్యి వేసింది.

"నా ముక్కు పనిచెయ్యట్లేదు" అన్నాడు, నాకే సరిగా వినపడనంత చిన్నగా.

"ఏంటి? టీవీ గోలలో వినపడలేదు. ఏమన్నావు?"

బావ లేచాడు. ఫోన్ చెవికి ఆనించుకునే వరండాలోకి వెళ్ళాడు. కింద సైకిళ్ళవాడు, పక్కింటివాళ్ళు, దారిన పోయేవాళ్ళు ఉన్నారు. కమ్మీ పట్టుకుని, వాళ్ళందరికీ వినపడేలా మళ్ళీ చెప్పాడు.

"నా ముక్కు పోయిందిరా. ఏడాదైంది. రేపు నువ్వొక్కడివే కాదు, నేను పద అన్న ప్రతి బండీ వెనక్కి రావాలి."